ఎదురింటి స్నేహం, యేసయ్య మాట: తరచుగా అడిగే ప్రశ్నలు

విశాఖలో వేరే భాష మాట్లాడే కుటుంబం లేని వీధి దాదాపు ఉండదు. నేవీ, పోర్టు, స్టీల్ ప్లాంట్, ఆంధ్రా యూనివర్సిటీ ఎక్కడెక్కడి వాళ్లనో ఇక్కడికి తెచ్చాయి. మా మందిరంలో స్త్రీల కూటం అయ్యాక, యువజనుల కూటం అయ్యాక అలాంటి ఇరుగుపొరుగుతో స్నేహం గురించి, వాళ్లకు యేసయ్య సంగతి చెప్పడం గురించి నన్ను పక్కకు పిలిచి అడిగిన ప్రశ్నలివి. నేను పాస్టర్‌ని కాదు, పెదవాల్తేరులో అపార్ట్‌మెంట్‌లో ఉండే స్కూల్ టీచర్‌ని. ఆరేళ్లుగా మా ఎదురింట్లో ఒక ఒడియా కుటుంబం ఉంది. నాకు తెలిసిందంతా ఆ గుమ్మం దగ్గర, మరో రెండు మూడు ఇళ్లలో నేర్చుకున్నదే.

ఇది స్నేహం పేరుతో మతం మార్చడం కాదా?

మన హిందూ స్నేహితుల మనసులో ఈ ప్రశ్న ఉంటుంది, మర్యాద కొద్దీ పైకి అడగరు. అందుకే ముందు దీనికే జవాబు చెప్పాలి.

మన మనసు సరిగా లేకపోతే అవును, అదే అవుతుంది. నన్ను నేను ఒక ప్రశ్న వేసుకుంటాను. ఎదురింటి అక్క జీవితాంతం యేసయ్య గురించి ఒక్క మాట కూడా వినను అని ఇవాళే తేల్చి చెప్పేస్తే, రేపు ఆమెకు జ్వరం వస్తే జావ కాచి తీసుకెళతానా? తీసుకెళ్లను అని మనసు చెబితే అక్కడ స్నేహం లేదు. అలాంటప్పుడు సువార్త సంగతి పక్కన పెట్టి ముందు ఆ మనసు గురించి మోకరించాలి. "ఈ నెలలో ఎంతమందికి చెప్పారు, చేతులెత్తండి" అని కూటాల్లో అడుగుతారు. నేను చెయ్యెత్తడం మానేసి చాలా కాలమైంది. ఎదురింటి అక్కను లెక్కలో వేయడం నాకు చేతకాలేదు.

అలాగని దాచుకోవడమూ స్నేహం అనిపించుకోదు. పూరీ జగన్నాథుడి రథం గురించి ఆమె చెబుతుంటే ఆ మొహంలో వెలుగు చూడాలి. చిన్నప్పుడు నాన్న భుజాల మీద కూర్చుని రథం చూశానని నాకు ఎన్నిసార్లు చెప్పిందో. ఆమె తన ప్రాణమైన సంగతి నా ముందు పెడుతుంటే, నా ప్రాణమైన సంగతి నేను మూటకట్టి లోపల పెట్టుకుంటే ఎలా?

ఇంకో మాట. మనలో మనం "అన్యులు" అని అలవాటుగా అనేస్తాం. ఆ మాట మానేయండి, ఇంట్లో కూడా. ఇంట్లో అనే మాట ఏదో ఒక రోజు గుమ్మం దాటుతుంది.

మాట్లాడడానికి చట్టం ఒప్పుకుంటుందా?

ఒప్పుకుంటుంది. రాజ్యాంగంలోని 25వ అధికరణ మనస్సాక్షి స్వేచ్ఛనూ, మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసుకునే హక్కునూ అందరికీ ఇచ్చింది. ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి భంగం రాకూడదు. అయితే 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. మన నమ్మకం గురించి చెప్పుకోవడం హక్కే గానీ, ఎదుటివాళ్లను మన మతంలోకి మార్చడం హక్కు కాదంది. బలవంతం, మోసం, ఆశ చూపించడం అనేవి చట్టం దాకా వెళ్లకముందే తప్పు. "మందిరానికి వస్తే మీ అబ్బాయికి ఉద్యోగం వస్తుంది" అనడం కూడా ఆశ చూపించడమే.

తిరుమల లాంటి పుణ్యక్షేత్రాల్లో వేరే మత ప్రచారాన్ని నిషేధిస్తూ మన రాష్ట్రంలో 2007లో చట్టం వచ్చింది. కాబట్టి స్నేహితులతో గుడికి తోడుగా వెళ్లినప్పుడు తోడుగానే ఉండండి. కరపత్రాలు బ్యాగులో ఉంటే ఇంట్లో పెట్టి వెళ్లండి. ఒడిశాలో 1967 నుంచీ మతమార్పిడుల మీద ప్రత్యేక చట్టం ఉంది. కొరాపుట్, జయపూర్ వైపు స్నేహితుల ఊరికి వెళ్లేవాళ్లు ఇది తెలుసుకుని వెళ్లాలి. విదేశీ విద్యార్థులను వేదిక ఎక్కించి ప్రసంగం చేయించకండి. వాళ్లది చదువుకునే వీసా. మన ఉత్సాహానికి ఇబ్బంది పడేది వాళ్లు.

మొదటి మాట ఎలా మొదలుపెట్టాలి?

మొదలుపెట్టకండి. ఆదివారం పొద్దున తలమీద కొంగు, చేతిలో బైబిలుతో లిఫ్ట్‌లో దిగుతుంటే అందరూ చూస్తారు. భోజనం ముందు కళ్లు మూసుకుంటే చూస్తారు. ఎవరో ఒకరు అడుగుతారు. అడిగినదానికి, అడిగినంతవరకు చెప్పండి. పేతురు తన మొదటి పత్రికలో "సాత్వికముతోను భయముతోను" జవాబు చెప్పమన్నది అడిగినవాళ్లకే. ఆ వాక్యంలో "అడుగు ప్రతివానికిని" అన్న మాటను మనం తొందరలో దాటేస్తాం.

నేను చెప్పేది తెలుగే కదా, ఆమెకు ఎందుకు అర్థం కావడం లేదు?

మనం మాట్లాడేది మందిరం తెలుగు. ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

"రక్షణ" తీసుకోండి. మందిరంలో దాని అర్థం పాపం నుంచి విడుదల. ఈ ఊళ్లో రక్షణ అంటే నేవీ, రక్షణ శాఖ. ఒక నావికుడి భార్యను "మీరు రక్షణ పొందారా?" అని అడిగితే ఆమెకు ఏమని తోచాలి? "పాపివి" అంటే మనకు అది అందరికీ, ముందు మనకే, వర్తించే మాట. హిందీవాళ్ల చెవికి అది మొహం మీద తిట్టు. "ఆత్మ వచ్చింది" అంటే దెయ్యం పట్టిందనుకునేవాళ్లు ఉన్నారు.

అన్నిటికంటే కష్టమైనవి రెండు. యోహాను సువార్త మూడో అధ్యాయంలో యేసు నీకొదేముతో కొత్తగా జన్మించాలని చెబుతాడు. నేను "తిరిగి జన్మించాలి" అని చెప్పగానే ఎదురింటి అక్క తలూపింది. "అవును దీదీ, మేమూ నమ్ముతాం, చేసిన పుణ్యాన్ని బట్టి మళ్లీ పుడతాం" అంది. ఇద్దరం ఒప్పుకున్నాం అనుకున్నాను. నెలలు గడిచాక తెలిసింది, మేం మాట్లాడుకున్నది రెండు వేర్వేరు సంగతులని. ఇప్పుడైతే ఆ మాట వాడను. "ఇదే జన్మలో, ఇదే ఒంట్లో, దేవుడు లోపలి మనిషిని కొత్తగా చేస్తాడు" అంటాను.

రెండోది నిత్యజీవం. జన్మల చక్రం నుంచి బయటపడితే చాలు అనుకునే మనిషికి ఎప్పటికీ జీవిస్తావు అంటే ఆశ ఎందుకు పుడుతుంది? ఆమె అడిగింది కూడా: "ఎప్పటికీనా? అలసిపోమా?" నా దగ్గర జవాబు లేదు ఆ రోజు. ఇంటికొచ్చి యోహాను 17వ అధ్యాయం తీశాను. అక్కడ యేసు నిత్యజీవం అంటే దేవుణ్ణి ఎరగడమే అంటాడు, ఎన్నేళ్లు అన్న లెక్క అక్కడ లేదు. చిన్నప్పటి నుంచి చదివిన అధ్యాయం అది. ఆమె ప్రశ్న అడిగాకే నాకు అర్థమైంది.

కుదిరితే వాళ్ల భాషలోనే చదవనివ్వండి. ఫోన్‌లో ఒడియా, హిందీ, బెంగాలీ, ఇథియోపియావాళ్ల అమ్హారిక్ బైబిళ్లు ఉచితంగా దొరుకుతాయి. నేను లూకా సువార్తతో మొదలుపెట్టమంటాను. కథలాగా సాగుతుంది, ఆడవాళ్లు, పేదవాళ్లు ఎక్కువగా కనిపిస్తారు.

ప్రసాదం ఇస్తే ఏం చేయాలి?

విశాఖలో క్రైస్తవులందరికీ టెన్షన్ పెట్టే ప్రశ్న ఇదే. సింహాచలం చందనోత్సవం అయ్యాక, వినాయక చవితికి, సత్యనారాయణ వ్రతానికి, గిన్నె మన గుమ్మం దాకా వస్తుంది.

పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8వ అధ్యాయం, 10వ అధ్యాయం దీనికోసమే ఉన్నాయి. ఎవరైనా భోజనానికి పిలిస్తే ఆరా తీయకుండా తినమన్నాడు. ఇది దేవతకు అర్పించింది అని చెబితే మాత్రం, చెప్పినవాళ్ల మనస్సాక్షి కోసం తినవద్దన్నాడు. మన సంఘాల్లో దీనిమీద రెండు రకాల వాళ్లూ ఉన్నారు. నేను తినను. తినేవాళ్ల విశ్వాసం గురించి తీర్పు చెప్పను.

తినకపోవడంలో కూడా పద్ధతి ఉంది. మొదట్లో నేను తీసుకుని, తలుపు వేసుకుని, పనమ్మాయికి ఇచ్చేసేదాన్ని. ఒక రోజు ఎదురింటి అక్క "ఎలా ఉంది దీదీ?" అని అడిగితే బాగుంది అన్నాను. యేసయ్య గురించి నిజం చెప్పాలనుకుంటున్న మనిషితో ప్రసాదం గురించి అబద్ధం చెప్పాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు వెళ్లి చెప్పేశాను. "అక్కా, నువ్వు నన్ను గుర్తుపెట్టుకుని తెచ్చావు, అది నాకు చాలా విలువైనది. దేవుడికి పెట్టినది మా నమ్మకం ప్రకారం నేను తినలేను. నిన్న నీకు అబద్ధం చెప్పాను." ఆమె కాసేపు ఏమీ అనలేదు. నొచ్చుకుంది, కనిపించింది.

తర్వాత జూన్‌లో రజొ పండుగ వచ్చింది. ఒడియావాళ్లకు పెద్ద పండుగ, మూడు రోజులు. పోడొ పిఠా చేస్తారు, బియ్యప్పిండి, బెల్లం, కొబ్బరి కలిపి అడుగు మాడే దాకా సన్నటి సెగ మీద కాల్చే మందపాటి పిండివంట. ఆమె స్టీలు డబ్బాతో వచ్చి నా చేతిలో పెట్టి అంది: "ఇది వేరే గిన్నెలో చేశాను. దేవుడి దగ్గర పెట్టలేదు. నీకోసమే." పండుగ పూట ఒంటిచేత్తో వంట చేసుకుంటూ, నా మనస్సాక్షి కోసం రెండో గిన్నె పొయ్యి మీద పెట్టింది. ఆ రోజు నేర్చుకున్నది ఏ ప్రసంగంలోనూ నేర్చుకోలేదు. పిఠా అంచు నల్లగా మాడి, లోపల మెత్తగా, ఇంకా వేడిగా ఉంది. గుమ్మం దగ్గరే నిలబడి ఇద్దరం తిన్నాం.

అప్పటి నుంచి క్రిస్మస్‌కి మా ఇంట్లో కూడా ఒక గిన్నె వేరు. ఆమె గురువారం మాంసం ముట్టదు, గుడ్డు వేసిన కేకు కూడా.

యూనివర్సిటీలో ఆఫ్రికా విద్యార్థులతో స్నేహం చేసి సువార్త చెప్పవచ్చా?

ముందు వాళ్లు ఏం నమ్ముతారో అడగండి. మా మందిరం పిల్లలు ఇథియోపియా అమ్మాయి ఒకరిని ఇంటికి తెచ్చారు, "ఆంటీ, సువార్త చెప్పండి" అని. అది శుక్రవారం. నేను చికెన్ కూర, పెరుగు పచ్చడి చేశాను. ఆ అమ్మాయి ఉత్త అన్నం, పప్పుచారు వేసుకుని నెమ్మదిగా తింది. కారం ఎక్కువైందేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది. ఆమె ఇథియోపియన్ ఆర్థడాక్స్ క్రైస్తవురాలు. వాళ్లు బుధవారం, శుక్రవారం ఉపవాసం ఉంటారు, మాంసం, పాలు, గుడ్లు ముట్టరు. మన సువార్త కోసం పిలిచిన పిల్ల, మనకంటే క్రమంగా ఉపవాసం ఉంటోంది.

వాళ్ల దేశంలో రాజు ఎజానా నాలుగో శతాబ్దంలోనే క్రైస్తవుడయ్యాడు. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో రథం మీద యెషయా గ్రంథం చదువుకుంటూ వెళ్లిన మనిషి ఐతియొపీయుడు. ఫిలిప్పు అతన్ని అడిగిన మొదటి మాట ప్రశ్నే: చదువుతున్నది గ్రహిస్తున్నావా అని. అతను పిలిచాకే రథం ఎక్కాడు.

తర్వాత ఆ అమ్మాయి గదికి మమ్మల్ని కాఫీకి పిలిచింది. పచ్చి కాఫీ గింజలు చిన్న పెనం మీద వేయించి, ఆ పొగ మా అందరి ముందుకీ తెచ్చి వాసన చూపించింది. జెబెనా అనే మట్టి కూజాలో కాచి, చిన్న చిన్న కప్పుల్లో పోసింది. నేను ఒక కప్పు తాగి, టైమయిందని లేచాను. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. వాళ్లలో మూడు విడతలు పోస్తారు. మూడోదాని పేరు బరకా, అంటే దీవెన. దీవెన తీసుకోకుండా లేచి వెళ్లిపోతున్నానన్నమాట. మళ్లీ కూర్చున్నాను.

వాళ్ల క్రిస్మస్ జనవరి 7న. మన పండుగ హడావిడి అయిపోయి, స్టార్లు దించేశాక, హాస్టల్లో ఒంటరిగా ఉంటారు. ఆ రోజు ఇంటికి పిలవండి.

"ఇది తెల్లవాళ్ల మతం" అంటే ఏం చెప్పాలి?

వాదించకుండా తెలిసింది చెప్పండి. కేరళ క్రైస్తవుల చరిత్ర ఇంగ్లీషువాళ్ల కంటే ఎన్నో వందల ఏళ్లు పాతది. ఇథియోపియా సంగతి పైన చెప్పాను.

మన ఊరి కథ కూడా చెప్పండి, దాచకుండా. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ విశాఖపట్నం వచ్చారు. కంపెనీ పాలన రోజులవి. ఆ నీడ వాళ్ల మీద ఉందన్నది నిజం, ఒప్పుకోవాలి. వాళ్లు ముందు తెలుగు నేర్చుకోవడానికి కూర్చున్నారు. క్రైస్తవుడైన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు వాళ్లతో కలిశాడు. బైబిలు అనువాదంలో ఆయన సాయం లేకపోతే వాళ్ల తెలుగు ఎంతదూరం వెళ్లేదో. క్రాన్ 1809లో, డెగ్రాంజెస్ 1810లో చనిపోయారు. వాళ్లు మొదలుపెట్టిన పనిలో మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఇద్దరిలో ఒక్కరు కూడా ఆ పుస్తకం చేత్తో పట్టుకోలేదు. మన ఊళ్లో తెలుగు సువార్త ఒక విదేశీయుడు, ఒక బ్రాహ్మణుడు ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒక్కో మాట వెతుక్కున్న స్నేహంలోంచి వచ్చింది.

కష్టంలో ఉన్నప్పుడు చెప్పడం మంచిదేనా? అప్పుడే వింటారు కదా?

అప్పుడే వింటారు అన్న ఆలోచనే ప్రమాదం. ఎదురింటి అక్క తండ్రి బరంపురంలో పోయారు. కర్మలు ముగించుకుని తిరిగొచ్చిన సాయంత్రమే నేను బైబిలు పట్టుకుని వెళ్లాను. పునరుత్థానం గురించి పావుగంట చెప్పాను. ఆమె నేలవైపు చూస్తూ కూర్చుంది. తర్వాత మూడు వారాలు ఆ తలుపు నాకు తెరుచుకోలేదు. లిఫ్ట్‌లో కనిపిస్తే ఫోన్ చూసుకునేది.

బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు పగళ్లు ఏడు రాత్రులు ఒక్క మాట మాట్లాడకుండా అతనితో నేలమీద కూర్చున్నారు. ఆ గ్రంథం మొత్తంలో వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు విప్పాక అన్నీ తప్పులే. నేను ఆ ఏడు రోజులూ దాటేసి నేరుగా నోరు విప్పాను. చివరికి వెళ్లి క్షమించమన్నాను. "మీ నాన్నగారి గురించి చెప్పు" అన్నాను. రెండు గంటలు చెప్పింది. రథం, భుజాలు, ఆ కథ నేను మొదటిసారి విన్నది ఆ రోజే.

ప్రార్థన చేయాలనిపిస్తే అడిగి చేయండి. "నీకోసం ప్రార్థన చేయనా?" అంటే వద్దనేవాళ్లు తక్కువ. నెత్తిమీద చేయి పెట్టకండి, గట్టిగా కేకలు వేయకండి, నాలుగు మాటలు చాలు. డాక్టర్ దగ్గరికి వెళ్లవద్దని, మందులు మానేయమని ఎప్పుడూ అనకండి.

ముస్లిం స్నేహితుల దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్త పడాల్సిందేమైనా ఉందా?

మీ బైబిలును నేలమీద పెట్టకండి. మనం చాపమీద కూర్చుని పక్కన పెట్టేస్తాం, పెన్నుతో గీతలు గీస్తాం. మా స్కూల్లో తోటి టీచర్ అది చూసి బాధపడింది, "మీ గ్రంథానికి మీరే గౌరవం ఇవ్వరా?" అని. ఈసా (యేసు), మరియం (మరియ) పేర్లు వాళ్లకు ప్రియమైనవి. ఖురాన్‌లో 19వ సూరా పేరే మరియం. అక్కడ మాట కలుస్తుంది. సిలువ దగ్గర విడిపోతుంది. విడిపోయే చోట గొంతు పెంచకండి. ఇఫ్తార్‌కి పిలిస్తే వెళ్లండి. క్రిస్మస్ కేకు ఇచ్చేటప్పుడు అందులో రమ్ము, వైను లేదని చూసి ఇవ్వండి.

వాళ్ల దేవుళ్ల గురించి నా అభిప్రాయం అడిగితే?

యేసు గురించి మీకు తెలిసింది చెప్పండి. ఎగతాళి ఎప్పుడూ వద్దు. అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయంలో, పౌలు బోధ మీద ఎఫెసు పట్టణంలో గొడవైనప్పుడు అక్కడి కరణం లేచి, పౌలు వెంట ఉన్నవాళ్లు మన దేవతను దూషించలేదు అని సాక్ష్యం చెప్పాడు. అర్తెమి దేవతకు అంత పెద్ద గుడి ఉన్న ఊళ్లో, కోపంగా ఉన్న జనం ముందు. మన గురించి మన కాలనీ ప్రెసిడెంట్ అలా చెప్పగలగాలి.

వాళ్ల పిల్లలకు బైబిలు కథలు చెప్పవచ్చా?

తల్లిదండ్రులకు తెలియకుండా వద్దు. ట్యూషన్‌కి వచ్చే పిల్లలైతే అసలు వద్దు. వాళ్లు మనల్ని నమ్మి పంపింది లెక్కలకి.

మందిరానికి ఎప్పుడు పిలవాలి?

వాళ్లు అడిగినప్పుడు. వచ్చేముందు అన్నీ చెప్పండి. చెప్పులు బయట, ఆడవాళ్లు ఒకవైపు, పాటలు గట్టిగా ఉంటాయి, రెండు గంటలు పడుతుంది. కానుకల సంచి వస్తే వేయనక్కర్లేదని ముందే చెప్పండి. ప్రభురాత్రి భోజనం ఉన్న ఆదివారమైతే మరీ ముఖ్యం, అది బాప్తిస్మం తీసుకున్నవాళ్లకే ఇస్తారు. రొట్టె, ద్రాక్షరసం రాగానే తీర్థం అనుకుని భక్తిగా కుడిచెయ్యి చాపుతారు. అందరి ముందూ ఇవ్వకుండా దాటిపోతే ఆ అవమానం మర్చిపోలేరు. పక్కనే కూర్చుని, మెల్లగా చెప్పండి. వేదిక మీద నుంచి కొత్తవాళ్లను లేచి నిలబడమనవద్దని పాస్టర్ గారికి ముందే చెప్పి ఉంచండి.

ఫోటోలు తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

బాప్తిస్మం కావాలని అడిగితే?

సంతోషించండి, తొందరపడకండి. భర్తకు, తల్లిదండ్రులకు తెలియకుండా రహస్యంగా చేయించడానికి నేను తోడు వెళ్లను. ఎస్సీ కుటుంబమైతే చట్టం సంగతి స్పష్టంగా చెప్పండి. 1950 నాటి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే. మన రాష్ట్రంలో క్రైస్తవులైన ఎస్సీలు బీసీ-సీ కిందకు వస్తారు. పిల్లల చదువు, ఉద్యోగం మీద దాని ప్రభావం ఉంటుంది. అది దాచి బాప్తిస్మం ఇప్పిస్తే రేపు మన ముఖం ఎలా చూస్తారు?

ఇన్నేళ్లయింది, నా స్నేహితురాలిలో ఏ మార్పూ లేదు. నేను ఓడిపోయినట్టేనా?

ఎదురింటి అక్క ఇప్పటికీ జగన్నాథుణ్ణే కొలుస్తుంది. ఆమె కోసం నేను రోజూ ప్రార్థన చేస్తాను, ఆ సంగతి ఆమెకు తెలుసు. వృద్ధి కలుగజేసేది దేవుడని పౌలు చెప్పాడు. నేను దాన్ని పట్టుకునే ఉన్నాను.

పోయిన డిసెంబర్‌లో ఒక మార్గశిర గురువారం. ఈ ఊళ్లో ఆ గురువారాలకు బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి దగ్గర ఎంత రద్దీ ఉంటుందో అందరికీ తెలుసు. ఒడియావాళ్లకీ అవే గురువారాలు లక్ష్మీపూజ, మాణబసా అంటారు. నేను స్కూలు నుంచి వచ్చేసరికి అక్క గుమ్మం ముందు కూర్చుని ఝోటి, అంటే వాళ్ల ముగ్గు, వేస్తోంది. నానబెట్టి రుబ్బిన బియ్యప్పిండిలో వేళ్లు ముంచి వరికంకులు, లోపలికి వెళ్తున్న చిన్న చిన్న పాదాలు. మా గుమ్మానికి క్రిస్మస్ స్టార్ వేలాడుతోంది, బల్బు మాత్రం పోయింది.

తలెత్తకుండానే అడిగింది: "దీదీ, లూకాలో లేదు కానీ నువ్వు చెప్పావు కదా, జ్ఞానులు ముందు రాజు ఇంటికి వెళ్లారని. నక్షత్రం చూసే వచ్చారు కదా, మరి తప్పు ఇంటికి ఎందుకు వెళ్లారు?"

"రాజు అంటే రాజభవనంలోనే పుడతాడు అనుకున్నారేమో" అన్నాను.

వేలు పిండిలోనే ఉంచి కాసేపు ఆలోచించింది. "మరి పశువుల పాకలో పుడితే ఎవరికి తోస్తుంది" అంది తనలో తనే. తర్వాత చేతులు కడుక్కుని వచ్చింది. మా ఆయన బల్బు మారుస్తుంటే స్టూలు కదలకుండా పట్టుకుంది ఆమే.